కాదనలేక పెట్టిన సంతకం: నా అనుభవం

2018 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం మా ప్రధానోపాధ్యాయుడు నన్ను తన గదికి పిలిపించి, తలుపు దగ్గరగా వేసి, బల్ల మీదున్న కాగితాన్ని నా వైపు జరిపారు. అది నా జీతం జప్తు ఉత్తర్వు. నేను ఎవరి దగ్గరా అప్పు తీసుకోలేదు. నాలుగేళ్ళ క్రితం తోటి ఉపాధ్యాయుడొకరు పాడుకున్న చీటీకి ష్యూరిటీగా సంతకం చేశాను, అంతే. ఆ ఒక్క సంతకానికి పదకొండు నెలల పాటు నా జీతం నుంచి మొత్తం 2,14,000 రూపాయలు కోత పడ్డాయి. డబ్బు పోయిన బాధ రానురాను తగ్గింది గాని, ఒక ప్రశ్న మాత్రం నన్ను చాలాకాలం వదలలేదు. వద్దని మనసు స్పష్టంగా చెబుతున్నప్పుడు, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ మోసగించకుండా, నేను ఆ సంతకం ఎందుకు చేశాను? దీనికి జవాబు వెతుక్కుంటూ నేను చదివినదీ, నాలో నేను గమనించినదీ ఇక్కడ రాస్తున్నాను. ఇటువంటి సంతకం చేసినవారు మన మధ్య ఎందరో ఉన్నారని నాకు తెలుసు.

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో తణుకు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూలులో గణితం చెబుతాను. మన ప్రాంతంలో ప్రభుత్వ ఉద్యోగి సంతకానికి బజారులో ఒక విలువ ఉంది. చీటీ పాడుకున్నవారు డబ్బు చేతికి అందుకోవాలంటే, మిగిలిన వాయిదాలు కడతామన్న భరోసా కోసం ఇద్దరు ముగ్గురు జీతగాళ్ళ హామీ చూపించాలి. నెల తిరిగేసరికి జీతం ఖాయంగా వచ్చేవారు, అవసరమైతే ఆ జీతాన్నే పట్టుకోవడానికి వీలైనవారు ఎవరంటే మొదట గుర్తుకు వచ్చేది ఉపాధ్యాయులే. అందువల్ల ఏ స్టాఫ్‌రూములోనైనా, పైకి ఎవరూ మాట్లాడకపోయినా, ఎవరు ఎవరికి ష్యూరిటీ ఉన్నారన్న లెక్క అందరికీ తెలిసే ఉంటుంది.

నన్ను అడిగిన ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. తెలుగు మాస్టారు. నన్ను తమ్ముడూ అని పిలిచేవారు. 2011లో మా నాన్నగారికి రాజమండ్రిలో ఆపరేషన్ జరిగినప్పుడు, నేను అడగకుండానే ఇరవై వేల రూపాయలు కవరులో పెట్టుకుని వచ్చి, ఆ రాత్రంతా ఆసుపత్రి వరండాలో నాతో పాటు బెంచీ మీద కూర్చున్నారు. రెండు నెలల్లో ఆ డబ్బు తిరిగి ఇచ్చేశాను. కానీ ఆ రాత్రిని తిరిగి ఇవ్వడానికి వీలులేదు కదా. అది నా మనసులో తీరని ఖాతాగా ఉండిపోయింది. ఆయన మాత్రం ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

2014 ఆగస్టులో ఆయన తమ అమ్మాయి పెళ్ళి మార్గశిరంలో కుదిరిందని చెప్పి, నా పీఎఫ్ నుంచి రెండు లక్షలు తీసి ఇవ్వగలనా అని అడిగారు. మా ఇంటి కప్పు పని సగంలో ఉంది. నా వల్ల కాదని చెప్పాను. చెప్పడానికి చాలా కష్టపడ్డాను. ఆయన వెంటనే, "పోనీలే తమ్ముడూ, నీ ఇబ్బంది నాకు తెలియదా" అన్నారు. ఒక్క మాట కూడా పరుషంగా అనలేదు. ఆ మంచితనమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. వారం తరువాత, ఒక అప్లికేషనుకు జతచేయడానికి నా శాలరీ సర్టిఫికెట్ నకలు ఒకటి కావాలన్నారు. రెండు లక్షలు కాదన్నవాడిని, ఒక కాగితం కాదనగలనా? ఇచ్చాను. సెప్టెంబరులో, "చీటీ కంపెనీవాళ్ళు ముగ్గురి పేర్లు రాయమంటున్నారు, నీ పేరు రాస్తున్నాను, ఇంకా ఖాయం కాదులే" అన్నారు. సరే అన్నాను. నవంబరులో పాట ఆయనకు దక్కింది. ఐదు లక్షల చీటీ, యాభై నెలలు, నెలకు పది వేలు. ఆరో నెలలోనే పాడుకోవడం వల్ల లక్షన్నర తగ్గించుకుని, చేతికి 3,50,000 వచ్చేలా ఒప్పుకున్నారు. ఆ సాయంత్రం భార్యతో కలిసి మా ఇంటికి వచ్చారు. "రేపు ఒక్క అరగంట తణుకు రావాలి తమ్ముడూ. మిగతా ఇద్దరూ ఒప్పేసుకున్నారు" అన్నారు. ఆవిడ, "మరిదిగారూ, పెళ్ళి మీ ఇంటి పెళ్ళే అనుకోండి" అన్నారు.

ఆ వరుసను ఇప్పుడు కాగితం మీద రాసి చూస్తే, ప్రతి మెట్టూ ఎంత చిన్నదో తెలుస్తుంది. "వచ్చే నలభై నాలుగు నెలల్లో నేను ఏ నెల తప్పినా, మొత్తం బాకీ నువ్వు కట్టు" అని మొదటి రోజే ఆయన అడిగి ఉంటే నేను కచ్చితంగా కాదనేవాడిని. అలా ఆయన అడగలేదు, అడగాలన్న ఆలోచన కూడా ఆయనకు లేదు. ఒక నకలు, ఒక పేరు, ఒక అరగంట, అంతే ఆయన అడిగినవి.

మా అమ్మాయి బీఈడీ చదివే రోజుల్లో ఆమె మనస్తత్వశాస్త్రం నోట్సు తిరగేస్తూ నేను మొదటిసారి ఆగింది ఇక్కడే. 1966లో జొనాథన్ ఫ్రీడ్మన్, స్కాట్ ఫ్రేజర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని పాలో ఆల్టో ప్రాంతంలో ఇళ్ళవారిని, "జాగ్రత్తగా నడపండి" అని రాసిన పెద్ద, అందవికారమైన బోర్డును మీ ఇంటి ముందు పెట్టుకోనిస్తారా అని అడిగించారు. నేరుగా అడిగినప్పుడు ఒప్పుకున్నవారు నూటికి 17 మంది. అంతకు రెండు వారాల ముందు, సురక్షితంగా వాహనం నడపమని చెప్పే చిన్న కాగితం ముక్కను కిటికీకి అంటించుకోవడానికి ఒప్పుకున్నవారిని అడిగితే, ఒప్పుకున్నవారు నూటికి 76 మంది. చిన్న పని ఒప్పుకున్నాక మనిషి తనను తాను చూసుకునే తీరు కొంత మారుతుందని వారి వివరణ. నేను ఇటువంటి వాటికి సాయపడేవాడిని అన్న భావన లోపల ఏర్పడితే, తరువాతి పెద్ద పనిని కాదనడం తనను తాను కాదనుకున్నట్లు అవుతుంది. శాలరీ సర్టిఫికెట్ ఇచ్చిన రోజున నేను అంటించుకున్న కాగితం ముక్క అదే. ఆ రోజు నుంచి నేను ఆ పెళ్ళికి సాయపడుతున్నవాడిని.

రెండు లక్షలు కాదన్న సంగతికి కూడా అక్కడ ఒక పోలిక దొరికింది. 1975లో రాబర్ట్ చాల్డీనీ బృందం కళాశాల విద్యార్థులను, దారితప్పిన కుర్రాళ్ళను ఒక రోజు రెండు గంటల పాటు జంతుప్రదర్శనశాలకు తీసుకువెళ్ళగలరా అని అడిగింది. నేరుగా అడిగితే నూటికి 17 మంది ఒప్పుకున్నారు. మొదట రెండేళ్ళ పాటు వారానికి రెండు గంటలు సేవ చేయమని అడిగి, వాళ్ళు కుదరదన్నాక ఇదే చిన్న కోరిక కోరితే, సగం మంది ఒప్పుకున్నారు. అవతలి మనిషి ఒక మెట్టు దిగాడు, మనమూ ఒక మెట్టు దిగాలి అన్న న్యాయబుద్ధి మనలో పనిచేస్తుందన్నమాట. బేరంలో ఇది మనకు తెలిసిన సంగతే. స్నేహంలో కూడా ఇదే బేరం నడుస్తుందని, దానిలో ఇద్దరికీ ఏ దురాలోచనా లేకపోయినా నడుస్తుందని నేను అప్పటివరకు ఊహించలేదు.

ఇక ఆ సంతకం రోజు. తణుకులో ఆ చీటీల కంపెనీ శాఖలో ఒక గుమాస్తా ముందు నలుగురం కూర్చున్నాం. ఫారాల కట్ట తెచ్చి, ఆయన వేలితో చూపిస్తూ, "ఇక్కడ, ఇక్కడ, వెనక పేజీలో ఇక్కడ" అంటూ పోయారు. రెవెన్యూ స్టాంపు అంటించిన ప్రోనోటు మీద అంకె వేసే చోటు ఖాళీగా ఉంది. నేను పెన్ను ఆపి, "ఇది నింపలేదేమిటండీ?" అని అడిగాను. "ఫార్మాలిటీ కదండీ, తరువాత నింపుకుంటాం" అన్నారు ఆయన, తల ఎత్తకుండానే. అది జవాబే కాదు. నింపలేదేమిటంటే తరువాత నింపుతాం కనుక, అన్నట్లుంది. అయినా నా చెయ్యి కదిలింది.

ఎలెన్ లాంగర్ 1978లో ప్రచురించిన ఒక ప్రయోగం ఈ స్థితిని నాకు సరిగ్గా చూపించింది. కాపీ యంత్రం దగ్గర వరుసలో ముందుకు వచ్చి, ఐదు పేజీలు నన్ను ముందు తీసుకోనిస్తారా అని కారణం చెప్పకుండా అడిగితే నూటికి 60 మంది ఒప్పుకున్నారు. తొందరలో ఉన్నానని కారణం చెప్పి అడిగితే 94 మంది ఒప్పుకున్నారు. "నేను కాపీలు తీసుకోవాలి కనుక" అని ఏమీ చెప్పని కారణం చెప్పినా 93 మంది ఒప్పుకున్నారు. ఈ ప్రయోగాన్ని చెప్పేవారు తరచుగా ఇక్కడితో ఆపేస్తారు గాని, నాకు పనికి వచ్చింది రెండో సగం. అడిగింది ఐదు పేజీలు కాక ఇరవై పేజీలైనప్పుడు ఆ ఉత్తుత్తి కారణం ఏమీ పనిచేయలేదు, కారణం చెప్పనప్పుడు ఎందరు ఒప్పుకున్నారో అంతే మంది ఒప్పుకున్నారు. పని పెద్దదని గుర్తించినప్పుడు మనుషులు కారణాన్ని తూచి చూస్తారు. నా విషయంలో జరిగింది ఏమిటంటే, ఇరవై పేజీల పని ఐదేసి పేజీలుగా వచ్చింది. పెద్ద పని అని గుర్తుపట్టే అవకాశం ఏ ఒక్క మెట్టు దగ్గరా నాకు రాలేదు. ప్రోనోటు మీద ఖాళీ చూసి ఒక్క క్షణం గుర్తుపట్టాను. అప్పటికి నా పక్కన ఇద్దరు సంతకాలు పూర్తి చేసి పెన్ను మూతలు పెట్టుకుంటున్నారు. మాస్టారు నా వంకే చూస్తున్నారు.

ఆ క్షణం గురించి నిజం చెప్పాలి. చీటీ మీద నమ్మకంతో నేను సంతకం చేయలేదు. ఆయన కడతారో లేదో అన్న అంచనా కూడా నా మనసులో నడవలేదు. నేను లేచి, "మాస్టారూ, నా వల్ల కాదు" అంటే, ఆ తరువాత ఆ బల్ల చుట్టూ పరచుకునే నిశ్శబ్దాన్ని భరించలేననిపించింది. నాలుగు లక్షల బాధ్యత కంటే నాలుగు క్షణాల నిశ్శబ్దం బరువుగా తోచింది. మన భాషలో దీనికి మొహమాటం అని ఎంతో సరైన పేరుంది. పాత నిఘంటువుల్లో మొగమాటము అని కనిపించే ఈ మాటలో మొగము, అంటే ముఖమే ఉంది. భయం వేరు, బలవంతం వేరు, గౌరవం వేరు. మొహమాటం ఎదుటి ముఖం ఉన్నప్పుడే పుడుతుంది. ఆయన అదే మాట ఉత్తరం రాసి అడిగి ఉంటే నేను మరుసటి రోజు మర్యాదగా కాదని జవాబు రాసేవాడిని. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో ఈమెయిలు ద్వారా అడిగిన దానికంటే ముఖాముఖి అడిగినప్పుడు అపరిచితులు ఒప్పుకోవడం 34 రెట్లు ఎక్కువగా కనిపించింది. పని పెళ్ళిది అయితే జంటగా ఇంటికి వచ్చి బొట్టు పెట్టి పిలవాలని మన పెద్దలు నియమం పెట్టుకున్నారంటే, ఈ సంగతి వారికి ఎప్పుడో తెలుసన్నమాట.

2015 అక్టోబరు వరకు, అంటే పదిహేడు వాయిదాలు, ఆయన క్రమం తప్పకుండా కట్టారు. ఆ తరువాత ఆగిపోయాయి. పెళ్ళికి చీటీ డబ్బు చాలక మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చిన అప్పులు, ఆపైన ఆవిడ అనారోగ్యం, చివరికి ఆయన ఆరోగ్యం కూడా దెబ్బతిని స్వచ్ఛంద పదవీ విరమణ. 2016 మొదట్లో నాకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వచ్చింది. వాయిదా తప్పినవారికి డివిడెండ్, అంటే పాటలో తగ్గించుకున్న సొమ్ములో సభ్యులకు వచ్చే వాటా, వర్తించదు కనుక, మిగిలిన ముప్పై మూడు వాయిదాలు పూర్తిగా, ఒక్కసారిగా, 3,30,000 రూపాయలు కట్టమని అందులో ఉంది. అప్పుడు నాకు తెలియని చట్టం తరువాత తెలిసింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. ముందు ఆయన దగ్గర వసూలు చేయడానికి ప్రయత్నించి, కుదరకపోతేనే నా దగ్గరకు రావాలన్న నియమం ఏదీ లేదు. సంతకం చేసేటప్పుడు మాత్రం నేను రెండో వరుసలో నిలబడ్డాననే అనుకున్నాను. ష్యూరిటీలు చేసిన నా తోటివారిలో నేను అడిగిన ప్రతి ఒక్కరూ అలాగే అనుకున్నారు.

చీటీ తగాదాలు చిట్ల రిజిస్ట్రారు దగ్గర ఆర్బిట్రేషన్‌కు, అంటే మధ్యవర్తిత్వ విచారణకు వెళతాయి. జిల్లా కేంద్రంలో ఆ కార్యాలయం వరండాలో 2017లో ఒక రోజు మేము ముగ్గురు హామీదారులం కలిశాం. నేను, మా పక్క మండలంలోని సోషల్ మాస్టారు, పదవీ విరమణ చేసిన డ్రిల్లు మాస్టారు. వాయిదా పిలిచే వరకు మాట్లాడుకుంటూ ఉండగా, సోషల్ మాస్టారు అన్నారు, "మీరు లెక్కల మాస్టారు కదండీ, మీరు ఒప్పుకున్నారంటే అన్నీ చూసుకునే ఒప్పుకుని ఉంటారని నేను చేశాను." నేను నోట మాట రాక కూర్చున్నాను. ఎందుకంటే నా ఇంటికి వచ్చిన సాయంత్రం తెలుగు మాస్టారు, మిగతా ఇద్దరూ ఒప్పుకున్నారని నాకు చెప్పారు. డ్రిల్లు మాస్టారికి మా ఇద్దరి పేర్లు చెప్పారు. ముగ్గురిలో ఒక్కరు కూడా సొంతంగా ఆలోచించి నిర్ణయం తీసుకోలేదు. ఒకరి భుజం మీద ఒకరం చెయ్యి వేసి ముగ్గురం కళ్ళు మూసుకుని నడిచాం.

సాలమన్ ఆష్ 1950ల్లో చేసిన గీతల ప్రయోగం చాలామంది చదివే ఉంటారు. మూడు గీతల్లో ఏది ఫలానా గీతతో సమానమో చెప్పాలి. జవాబు కంటికి కనిపిస్తూనే ఉంటుంది. ముందు కూర్చున్నవారంతా ఏర్పాటు ప్రకారం తప్పు జవాబు చెబితే, అసలు పాల్గొన్న వ్యక్తులు దాదాపు మూడింట ఒక వంతు సార్లు ఆ తప్పునే చెప్పారు. నాలుగింట మూడు వంతుల మంది కనీసం ఒక్కసారైనా గుంపుతో పోయారు. కానీ ఆ గుంపులో ఒక్కరు సరైన జవాబు చెప్పినా ఈ లొంగుబాటు బాగా పడిపోయింది. ఆ వరండాలో నాకు గుచ్చుకున్నది ఈ చివరి ముక్కే. తణుకులో ఆ బల్ల దగ్గర నేను పెన్ను ఆపి ఖాళీ గురించి అడిగిన మాటను మరొక్కరు అందుకుని ఉంటే, లేదా నేనే ఇంకొంచెం గట్టిగా అడిగి ఉంటే, మిగతా ఇద్దరికీ ఊపిరి వచ్చేది. నా మొహమాటానికి నేను ఒక్కడినే మూల్యం చెల్లించాననుకుంటూ వచ్చాను. అది వారి మెడకు కూడా ఉరి అయింది.

ఆర్బిట్రేషన్ తీర్పు వచ్చేసరికి వడ్డీ, ఖర్చులతో బాకీ 3,84,000 అయింది. తెలుగు మాస్టారికి వచ్చేది పింఛను. డ్రిల్లు మాస్టారికి కూడా అంతే. పింఛనును జప్తు చేయడానికి చట్టం ఒప్పుకోదు. మిగిలింది జీతాలున్న ఇద్దరం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం ఇటువంటి బాకీలకు జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. లెక్కకు వచ్చే నా జీతం 61,000 కనుక నెలకు 20,000 పోయాయి. సోషల్ మాస్టారికి 16,000 పోయాయి. పదకొండో నెలలో ఇద్దరి కోతతో లెక్క తీరింది. ఆ పదకొండు నెలలూ మా ఇంట్లో ఎలా గడిచాయో వివరంగా రాయను. మా ఆవిడ ఒక్కసారి మాత్రం అడిగింది, "ఏమండీ, ఆ రోజు నాకు ఒక్క మాట చెప్పి ఉంటే నేను కాదనేదాన్ని కదా. అందుకే చెప్పలేదా?" అని. అవును, అందుకే చెప్పలేదు. చెబితే ఆగిపోతుందని నాకు తెలుసు, ఆగిపోతే ఆయన ముందు మొహం చెల్లదని భయపడ్డాను. ఆ మాట ఆవిడతో ఒప్పుకోవడం జప్తు ఉత్తర్వు అందుకోవడం కంటే కష్టమైంది.

ఈ లోపం నాది ఒక్కడిదేనా, ఇది పిరికితనమా అని చాలాకాలం కుమిలిపోయాను. అప్పుడు నాకు ఊరట ఇచ్చినది స్టాన్లీ మిల్‌గ్రామ్ చేసిన ఒక ప్రయోగం. విద్యుదాఘాతాల ప్రయోగం వల్ల అందరికీ తెలిసిన ఆయనే, 1970ల్లో తన విద్యార్థులను న్యూయార్క్ భూగర్భ రైళ్ళలోకి పంపి, కూర్చున్నవారిని ఏ కారణమూ చెప్పకుండా సీటు ఇవ్వమని అడగమన్నారు. మూడింట రెండు వంతుల మంది లేచి ఇచ్చారు, లేదా జరిగి చోటిచ్చారు. అంతకంటే వింతైనది అడిగేవారి అవస్థ. ఆ విద్యార్థులు చెమటలు పట్టి వణికిపోయారు. స్వయంగా అడగబోయిన మిల్‌గ్రామ్‌కు మాట గొంతులోనే ఇరుక్కుపోయింది. అనుకున్న మర్యాదకు భిన్నంగా ఒక్క వాక్యం పలకడం, లోకానికి లొంగుబాటు గురించి చెప్పిన శాస్త్రవేత్తకే అంత కష్టమైతే, తణుకులో గుమాస్తా బల్ల ముందు నాకు గొంతు రాకపోవడం నా ఒక్కడి బలహీనత కాదు. మనుషులు కలిసి బతకడానికి పెట్టుకున్న ఏర్పాటులోనే ఆ బరువు ఉంది. అడిగినదానికి కాదనడమంటే, నీ మీద నాకు నమ్మకం లేదని ముఖాన చెప్పినట్లు అవుతుందని రెండు వైపులా భావిస్తాం. అందుకే ఆ మాట చెప్పలేక అప్పు సంతకం పెడతాం.

ఆ అవగాహన తరువాత నేను చేసిన పని చిన్నది. ధైర్యం తెచ్చుకోవాలని ప్రయత్నించలేదు, ఎందుకంటే ముఖం ఎదురుగా ఉన్నప్పుడు నాకు ధైర్యం రాదని తేలిపోయింది. నిర్ణయాన్ని ముఖానికి దూరంగా జరిపాను. మా ఆవిడతో కూర్చుని రెండు నియమాలు రాసుకున్నాం. ఎవరికీ ష్యూరిటీ సంతకం చేయకూడదు, అడిగినవారికి తిరిగి రాకపోయినా బాధపడనంత డబ్బు మాత్రం ఇవ్వాలి. డబ్బు, సంతకం సంగతి ఎవరు ఎత్తినా అక్కడికక్కడ జవాబు ఇవ్వకుండా, ఇంట్లో మాట్లాడి రేపు చెబుతాననాలి. చెప్పవలసిన వాక్యాన్ని కూడా ముందే కూర్చుకుని, బడికి సైకిలు మీద వెళుతూ పైకి అనుకుని అలవాటు చేసుకున్నాను. "మాస్టారూ, ష్యూరిటీ సంతకం చేయకూడదని నిర్ణయం తీసుకున్నాను." దీనికి కారణాలు జతచేయకూడదని అనుభవం మీద తెలిసింది. ఇల్లు కడుతున్నానంటే, ఇల్లు పూర్తయ్యాక వస్తానంటారు. కారణం చెప్పిన ప్రతిసారీ దాన్ని తొలగించే అవకాశం ఎదుటివారి చేతికి ఇస్తున్నాం.

2022లో మా బడికి కొత్తగా వచ్చిన సైన్సు మాస్టారు ఒక సాయంత్రం పూతరేకుల పొట్లంతో మా ఇంటికి వచ్చారు. మంచి కుర్రాడు, పిల్లలంటే ప్రాణం. మాటలు చెల్లెలి పెళ్ళి వైపు తిరగగానే నాకు సంగతి అర్థమైంది. ఆయన అడిగారు. నేను నేర్చుకున్న వాక్యం చెప్పాను. గొంతు వణికింది. ఆ తరువాత వచ్చిన నిశ్శబ్దంలో గోడ గడియారం చప్పుడు విన్నాను. అది నేను ఎనిమిదేళ్ళ క్రితం తప్పించుకున్న నిశ్శబ్దమే. భరించలేనిదేమీ కాదు గాని, తేలికైనది కూడా కాదు. పెళ్ళికి నా వంతుగా పాతిక వేలు ఇస్తాను, తిరిగి ఇవ్వనక్కరలేదు అన్నాను. ఆయన వద్దని, టీ తాగి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. రెండు వారాలు స్టాఫ్‌రూములో నాకు దూరంగా కూర్చున్నారు. మూడో వారంలో పదో తరగతి మార్కుల జాబితాలు సరిచూడడానికి కుర్చీ నా పక్కకు లాక్కున్నారు. పెళ్ళికి పిలిచారు, వెళ్ళాం.

తెలుగు మాస్టారి మీద నేను దావా వేయలేదు. హామీదారు కట్టిన సొమ్మును అసలు బాకీదారు నుంచి రాబట్టుకునే హక్కు అదే కాంట్రాక్టు చట్టం 145వ సెక్షన్ ఇస్తుంది. సోషల్ మాస్టారు, నేను మాట్లాడుకుని ఆయన దగ్గరకు వెళ్ళి కూర్చున్నాం. పింఛను నుంచి ఇద్దరికీ చెరి రెండు వేలు నెల నెలా ఇస్తానన్నారు. కొన్ని నెలలు తప్పినా, ఇస్తూనే ఉన్నారు.

మొన్న దసరాకు ఆయన స్వయంగా ఆ రెండు వేలు తీసుకుని వచ్చారు. చాలా సన్నబడ్డారు. భోజనం పెట్టాం. వసారాలో కూర్చున్నాక, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ సాయంత్రం గురించి నేనే అడిగాను. నేను కాదనలేనని తెలిసే వచ్చారా మాస్టారూ అన్నాను. అడిగేవారు ఎప్పుడూ కాదంటారనే భయంతోనే వస్తారని, ఎదుటివారు ఎంత తేలికగా ఒప్పుకుంటారో తక్కువగా అంచనా వేస్తారని వెనెస్సా బోన్స్, ఫ్రాన్సిస్ ఫ్లిన్ అనే పరిశోధకులు చూపించిన సంగతి అప్పటికే చదివాను గాని, అది ఆయన నోటి నుంచి వినాలని ఉంది.

ఆయన ఆశ్చర్యంగా చూశారు. "నువ్వు కాదంటావనే అనుకుని వచ్చాను తమ్ముడూ" అన్నారు. "నీకంటే ముందు మన బడిలోనే ఇద్దరిని అడిగాను. కాదన్నారు. వాళ్ళింట్లో కాఫీ తాగే వచ్చాను. నువ్వూ కాదంటే పాట వదులుకుని సహకార సంఘంలో అప్పుకు పెట్టుకుందామని ఆ దరఖాస్తు నింపి జేబులో పెట్టుకునే మీ ఇంటికి వచ్చాం. నువ్వు వెంటనే సరే అన్నావు. ఇంటికి వెళ్ళాక మీ వదినగారు ఆ కాగితాన్ని పొయ్యిలో వేసింది."